రేడియోకూ మోడెంకూ మధ్య నల్ల రింగు

దొనకొండకు విజయవాడ దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడి రేడియో స్టేషన్ 837 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ ఇంతదూరం వచ్చేసరికి నీరసపడుతుంది. పక్కన మోడెం వెలుగుతుంటే వార్తలను గరగర మింగేస్తుంది. ఈ జబ్బు తీగల్లో రొద తగ్గించే ప్రయత్నాల్లోనే పుట్టింది.

1881లో గ్రాహంబెల్ టెలిఫోన్ జంట తీగను మెలివేసి పేటెంట్ పొందాడు. ఒక తీగలో వెళ్లిన కరెంటు రెండోదాంట్లో తిరిగొస్తుంది కాబట్టి బయట రెండింటి ప్రభావమూ చెల్లిపోతుంది. వందేళ్ల తర్వాత, 1980ల చివర్లో, బెల్‌కోర్ ఇంజినీరు జోసెఫ్ లెక్‌లైడర్ అదే తీగ మీద డేటా పంపే దారి వెతికాడు. ఒకే కేబుల్లోని జంటలు ఒకదాన్నొకటి చెడగొడుతున్నాయి. ఇంటికి వచ్చే వేగం పెంచి, వెళ్లే వేగం తగ్గిస్తే ఆ బాధ తగ్గుతుందని పసిగట్టాడు. ఏడీఎస్‌ఎల్ అలా పుట్టింది.

స్టాన్‌ఫర్డ్‌లో జాన్ సియాఫీ బృందం ఈ డేటాను సన్నటి పాయలుగా చీల్చే పద్ధతిని తీర్చిదిద్దింది. 4.3125 కిలోహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున అవి 1104 దాకా పరుచుకున్నాయి. లెక్కవేస్తే 194వ పాయ 836.625 దగ్గర, విజయవాడ స్టేషన్ మీదే పడుతుంది. రొద ఉన్న పాయలో మోడెం తక్కువ బిట్లు పంపి తన పని గడుపుకుంటుంది. ఏఎం రేడియోకు ఆ వీలు లేదు. దాని మాటలన్నీ తరంగం ఎత్తుపల్లాల్లోనే ఉంటాయి, రొద మార్చేదీ ఆ ఎత్తుపల్లాలనే.

మెలిక సరిగా ఉన్నంతవరకూ లీకు స్వల్పమే. తుప్పుపట్టిన జాయింటు, ఇంట్లో మెలికలేని తీగ ఆ సమతూకం చెడగొడితే తీగంతా ఏరియల్‌గా మారుతుంది. ఫైబర్ వచ్చాక ఆ తీగ పోయినా, రౌటర్ అడాప్టర్ రొద మిగిలే ఉంది.

మందు 1930లో టోక్యోలో దొరికింది. యోగోరో కాటో, తకేషి తకేయి ఫెర్రైట్ కనిపెట్టారు. దాన్ని తయారుచేయడానికే 1935లో టీడీకే మొదలైంది. ట్రాన్సిస్టర్లో స్టేషన్ పట్టే నల్ల కడ్డీ ఆ జాతిదే. అదే పదార్థాన్ని రింగుగా చేసి, అడాప్టర్ తీగను రౌటర్ దగ్గర నాలుగైదు చుట్లు తిప్పితే, పోయి వచ్చే కరెంటు సాఫీగా సాగుతుంది. రెండు తీగల్లోనూ ఒకే వైపు పరుగెత్తే రొద అక్కడే ఆగుతుంది.

ఆపై రేడియోను తిప్పాలి. విజయవాడ దొనకొండకు ఈశాన్యం. కడ్డీ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉంటే స్టేషన్ బాగా పడుతుంది. కడ్డీ కొన చూసే వైపు రౌటర్ ఉంటే గరగర ఇంకా తగ్గుతుంది.

మోడెం తనను తాను కాచుకోగలదు, రేడియోను మనమే కాచాలి. కనెక్షన్ ఇచ్చేవాళ్లే ఆ రింగు తొడిగి వెళ్లడం ధర్మం.