ప్యాకేజీ ఎందుకు కదలదు? న్యూయార్క్ లాయర్లు చెప్పే లెక్క

మా తునిలో బీటెక్ సీటు గురించి ఏ ఇంట్లో మాట్లాడుకున్నా చివరికి వచ్చే ప్రశ్న ఒకటే, "ప్యాకేజీ ఎంతొస్తుంది?" నాలుగేళ్ల తర్వాత వచ్చే జీతాన్ని నమ్ముకుని ఇవాళ అప్పు చేస్తున్నారు. మరి ఆ జీతాన్ని ముందే అంచనా వెయ్యొచ్చా? దీనికోసం న్యూయార్క్ లాయర్ల దగ్గరికెళ్దాం. కంగారు పడకండి, మళ్లీ మన దగ్గరికే వస్తాం.

అక్కడ పెద్ద లా ఫర్మ్‌లో కొత్త లాయర్ జీతం రహస్యమేం కాదు. 1968లో క్రవాత్ అనే ఫర్మ్ మొదటి ఏడాది జీతాన్ని ఒక్కసారిగా 15,000 డాలర్లు చేసింది. పోటీ ఫర్మ్‌లకి తప్పలేదు. ఆ జీతాల పట్టికకి ఇప్పటికీ క్రవాత్ స్కేల్ అనే పేరు. 2000లో కుర్ర లాయర్లు డాట్‌కామ్ కంపెనీలకి వెళ్లిపోతుంటే, సిలికాన్ వ్యాలీలో గండర్సన్ డెట్‌మర్ అనే ఫర్మ్ 1,25,000 అంది. న్యూయార్క్ కూడా దిగొచ్చింది. 2007కి 1,60,000.

ఇక్కడ కాస్త ఆగాలి. 2008 మాంద్యం వచ్చింది. తర్వాత లాభాలు కోలుకున్నాయి గానీ ఆ అంకె మాత్రం 2016 దాకా కదల్లేదు. ఎందుకంటే ముందు ఎవరూ కదల్లేదు, అంతే! 2016 జూన్‌లో క్రవాత్ 1,80,000 అనగానే రోజుల్లోనే వరసపెట్టి అందరూ పెంచారు. 2018లో మిల్‌బ్యాంక్ 1,90,000 అంది, 2023 చివర్లో మళ్లీ మిల్‌బ్యాంకే 2,25,000. అంటే, ఎంత పెరుగుతుందో మొదటివాడు చెప్పేస్తాడు. ఎప్పుడు పెరుగుతుందో చెప్పేది మాత్రం వలస. మనుషులు పోతున్నారా, పోతే దొరుకుతారా?

ఇప్పుడు మన ఐటీకి రండి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ఆఫర్ 2010 దశాబ్దమంతా మూడు, మూడున్నర లక్షల దగ్గరే తిరిగింది. కంపెనీలు కూడబలుక్కుని తొక్కిపెడుతున్నాయని 2017లో ఇన్ఫోసిస్ మాజీ సీఎఫ్‌వో మోహన్‌దాస్ పై బహిరంగంగానే ఆరోపించారు. నా ఉద్దేశంలో కూడబలుక్కోవాల్సిన పనే లేదండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో ఉండేవి. ఒకడు కాదంటే వెనకాల పదిమంది లైన్లో ఉంటే ముందు పెంచేదెవరు?

2022 చూడండి. ఇన్ఫోసిస్‌లో ఏడాది లెక్కన వలస 28 శాతం దాటింది. డబ్బులు ఎటెళ్లాయి? మూడు, నాలుగేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి. ఫ్రెషర్ అంకె దాదాపు అక్కడే ఉంది. కదిలిందల్లా కోడింగ్ పరీక్షతో విడిగా తీసుకునే దారి, టీసీఎస్ డిజిటల్‌కి ఏడు లక్షల చిల్లర ఇచ్చినట్టు.

అందుకని నా అంచనా, ఈ రెండు దారుల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది, కింది అంకె ధరల్ని అందుకోదు. కాలేజీకి వెళ్తే హయ్యెస్ట్ ప్యాకేజీ అడక్కండి. ఎంతమందికి కింది ఆఫర్ వచ్చింది, చేతికెంత వస్తుంది, అది అడగండి. ఈఎంఐ కట్టేది దాంతోనే కదా.