ఈద్ మేలాలో తిరిగిన చక్రం

ఉమ్రా నుంచి వచ్చి ఎయిర్‌పోర్టులో సామాను కోసం ఇంతెజార్ చేస్తాం కదా, ఆ తిరిగే బెల్టును ఇంగ్లీషులో కరోసెల్ అంటారు. ఈద్ మేలాలో మన బచ్చాలు ఎక్కే గుర్రాల రంగులరాట్నానిదీ అదే పేరు. బెల్టుది నిన్నమొన్నటి కథ. రాట్నం తారీఖ్ మాత్రం చాలా పాతది. అందులో మన ఈద్ కూడా ఉంది.

పీటర్ మండీ అనే ఇంగ్లీషు ముసాఫిర్ 1620లో ఉస్మానియా సల్తనత్ మీదుగా సఫర్ చేశాడు. ఫిలిప్పోపోలిస్ షహర్‌లో, అంటే నేటి బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో, బైరామ్ ఝూలాలను చూసి రాసుకున్నాడు. తుర్కులు ఈద్‌ను బైరామ్ అంటారు. ఆ ఝూలాల్లో ఒకటి పడుకోబెట్టిన బండిచక్రం లాంటిది. అంచున చిన్న చిన్న పీటలు, వాటి మీద పిల్లలు. చక్రం గుండ్రంగా తిరిగేది. గుర్రాలు లేకపోయినా అది రంగులరాట్నమే.

గుర్రాలు బాద్‌షాల దర్బారు నుంచి వచ్చాయి. 1662లో ఫ్రాన్సు బాద్‌షా పద్నాలుగో లూయీ పారిస్‌లో కరోసెల్ పేరుతో పెద్ద గుర్రపుస్వారీ తమాషా జరిపించాడు. సర్దార్లు రోమన్లు, ఈరానీలు, తుర్కులు, హిందుస్తానీల వేషాలు కట్టి వచ్చారు. ఆ మైదానాన్ని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇలాంటి ఆటల్లో వేలాడే రింగును బల్లెంతో అందుకోవాలి. ఆ కస్రత్ కోసం తిరిగే స్తంభానికి చెక్క గుర్రాలు బిగించారు. 19వ సదీలో ఆవిరి యంత్రం తోడయ్యాక రాట్నం అవామ్ దగ్గరికి వచ్చింది.

కానీ అందరి దగ్గరికీ రాలేదు. అమెరికాలో బాల్టిమోర్ దగ్గర గ్విన్ ఓక్ పార్కులో నల్లజాతి వాళ్లకు దర్వాజా బంద్. ఏళ్ల తరబడి ధర్నాలు జరిగాయి. 1963 జులైలో పాదరీలు, యూదు రబ్బీలు కూడా వాళ్లకు తోడు నిలిచారు. వందలమంది గిరఫ్తార్ అయ్యారు. చివరికి 1963 ఆగస్టు 28న పార్కు అందరికీ తెరుచుకుంది. ఏడాది కూడా నిండని షారన్ లాంగ్లీ అనే పాపను వాళ్ల అబ్బా పట్టుకుని గుర్రం ఎక్కించాడు. అదే రోజు వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన మశ్‌హూర్ తఖ్రీర్ చేశారు. తర్వాత 1981లో ఆ రాట్నాన్ని కూడా వాషింగ్టన్‌కే తెచ్చారు.

ఒక పసిపాపను చెక్క గుర్రం ఎక్కించడానికి అంతమంది జైలుకు వెళ్లారంటే, అది ఇజ్జత్ మసలా అని నాకనిపిస్తుంది. మన మేలాల్లో బోర్డు పెట్టి ఎవరినీ ఆపరు. టికెట్టే ఆపుతుంది. వచ్చే ఈద్‌కు మన పిల్లలకు ఈదీ ఇచ్చేటప్పుడు, తాడు అవతల నిలబడి చూసే బచ్చాకు కూడా ఒక టికెట్ కొనండి.