ముగ్గురాతి గనులలో మందుసామగ్రి

ప్రొద్దుటూరు ఇండ్లలో కాలికి చల్లగా తగులు నల్లబండ జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల చుట్టుపట్ల గనులలోనిది. పొరలుగా ఉండుటచే దానిని చాలవరకు గడ్డపారతో లేపవచ్చును. పులివెందుల వైపు దొరకు ముగ్గురాయి అట్లు లొంగదు. రంధ్రము తొలిచి, మందు కూరి, పేల్చవలసినదే. కనుక జెలటిన్ కడ్డీ అను మాట ఈ సీమవారికి క్రొత్తది కాదు.

2021 మే 8వ తేదీ ఉదయమున, జిల్లాకు ఈశాన్య భాగమందలి కలసపాడు మండలములో, మామిళ్ళపల్లె ముగ్గురాతి గనివద్ద వాహనమునుండి ఆ కడ్డీలను దింపుచుండగా పేలుడు సంభవించినది. పదిమంది మరణించిరి. వారిలో పలువురు పులివెందుల, వేముల ప్రాంతములనుండి పనికై వెళ్ళినవారు.

రాతిని పేల్చు వేళ అందరును జాగ్రత్తపడుదురు. ఈల వేయుదురు, ఎఱ్ఱజెండా పట్టుదురు, దూరముగా పోవుదురు. సామాను దింపుట మాత్రము ధాన్యపు బస్తాలు దింపుటవలెనే తోచును. వేయిసార్లు దింపినవానికి వేయిసార్లును ఏమియు కాలేదు. ఆ వేయిసార్లే అతనికి లేని ధైర్యము నూరిపోయును. ఏండ్ల తరబడి ఒక్కసారియు ఎదురుపడని ఆపద విషయమున స్వానుభవము నమ్మదగిన గురువు కాదని నాకు తోచుచున్నది.

ఆ కడ్డీ పుట్టుక వెనుకను ఇట్టి ఘోరమే కలదు. 1864 సెప్టెంబరు 3న స్టాక్‌హోములో నోబెల్ కుటుంబపు నైట్రోగ్లిజరిన్ పనిశాల పేలిపోగా, ఆల్ఫ్రెడ్ నోబెల్ తమ్ముడు ఎమిల్, మరికొందరును మృతిచెందిరి. ఆల్ఫ్రెడ్ బ్రతికెను. అతడు పని మానలేదు. ఊరికి దూరముగా, మెలారెన్ సరస్సుమీద పడవలో సాగించెను. కదిలిన భయమైన ఆ ద్రవమును గుల్లమన్నులో ఇంకించి 1867లో డైనమైటుకు పేటెంటు పొందెను. 1875లో జెలటిన్ మందు వచ్చినది. దానిని రగిలించు డిటోనేటరును వేరు వస్తువుగా ఉంచుటయు అతని పద్ధతియే.

మన లోహఖనిజ గనుల నిబంధనలు 1961 నాటివి. పేలుడు మందును, డిటోనేటర్లను వేరువేరు పెట్టెలలో మోయవలెనని అందున్నది. క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి అది కాగితపు చాదస్తముగా కనబడవచ్చును. మొదటినాడే అతనిని కూర్చుండబెట్టి ఎమిల్ కథయు, మామిళ్ళపల్లె కథయు చెప్పు మేస్త్రీలు ఎందఱున్నారో!