తండ్రి పేరు, తల్లి రంగు: ‘డైనాస్టీ’లో వాటా అడిగిన నల్లబిడ్డ

టీవీ సీరియల్ గురించి మన పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. ఆస్తి ఎవరిది, వారసులెవరు అన్న ప్రశ్న మనది గాకపోతే మరెవరిది? ధనవంతుల కుటుంబాల సీరియళ్లు నడిచేదంతా ఆ ప్రశ్న మీదే గదా. అందుకే అమెరికాలో ఎ.బి.సి. సంస్థ 1981 జనవరి నుంచి 1989 మే దాకా రాత్రిళ్లు ప్రసారం చేసిన ‘డైనాస్టీ’ని మనం వినోదంగా పక్కన పెట్టకుండా చరిత్రగా చదవాలి.

కథాస్థలం డెన్వర్ నగరం. బ్లేక్ కారింగ్టన్ చమురు వ్యాపారి. భార్య క్రిస్టల్, మాజీ భార్య అలెక్సిస్, పిల్లలు, మేడ, నగలు, కోర్టు తగాదాలు. మొత్తం 220 ఎపిసోడ్లు. 1984-85లో ఆ దేశంలో ఎక్కువమంది చూసిన కార్యక్రమం ఇదే. రీగన్ ప్రభుత్వం ఉన్నోళ్ల పన్నులు తగ్గించి, లేనోళ్ల సంక్షేమానికి కోత పెట్టిన రోజులవి. ఆ రోజుల్లో జనం ఇంటింటా చూసింది ఉన్నోళ్ల కష్టాలు!

మొదటి మూడేళ్లు ఆ కుటుంబమంతా తెల్లదే. 1984లో డొమినిక్ డెవరో అనే నల్ల గాయని వచ్చింది. ఆ పాత్ర వేసింది డయాన్ కారోల్. ఆమె వెనక ఒక చరిత్ర ఉంది. 1950లో మొదలైన ‘బ్యూలా’ సీరియల్‌లో నల్ల స్త్రీ తెల్లవాళ్లింట్లో పనిమనిషి. 1968లో వచ్చిన ‘జూలియా’లో కారోల్ నర్సు వేషం వేసి, పనిమనిషి కాని నల్ల నాయికగా నిలబడింది. ‘డైనాస్టీ’లో చేరాలని తానే పట్టుబట్టింది. తన పాత్రను డబ్బూ అధికారమూ కావాలనుకునే తెల్ల మగవాడికి రాసినట్టే రాయమన్నానని తర్వాత ఆమే చెప్పుకుంది. అణగారిన మనిషి మంచితనంతో మెప్పు పొందాలన్న షరతును ఆమె తిరగ్గొట్టింది. దాన్ని మనం చిన్న విషయం అనుకోవద్దు.

అయితే డొమినిక్ ఆ మేడలోకి ఏ దారిన వచ్చింది? ఆమె బ్లేక్ చెల్లెలు. బ్లేక్ తండ్రి టామ్ కారింగ్టన్‌కు లారా మాథ్యూస్ అనే నల్ల స్త్రీ వల్ల పుట్టింది. పెళ్లి లేదు, పేరు లేదు. టామ్ చావు మంచం మీద గాని ఆమెను బిడ్డగా ఒప్పుకోడు. సీరియల్ దీన్ని ఒక ముసలాయన దాచుకున్న రహస్యంగా చూపించింది. మా అభ్యంతరం ఇక్కడే. అది ఒక ఇంటి రహస్యం కాదు, ఒక దేశపు చట్టం.

ఇంగ్లీషువాళ్ల సంప్రదాయంలో బిడ్డ హోదా తండ్రిని బట్టి వచ్చేది. 1662లో వర్జీనియా వలస రాజ్యం దాన్ని తిరగరాసింది. నల్ల స్త్రీకి పుట్టిన బిడ్డ తల్లి హోదాలోనే ఉంటుందని శాసించింది. తల్లి బానిసైతే బిడ్డా బానిసే. అంటే యజమాని చేసిన అత్యాచారం నేరం కాకపోగా లాభమైంది. తన బిడ్డే తన ఆస్తి!

బానిసత్వం పోయినా దాపరికం పోలేదు. నల్లవాళ్లను వేరుగా ఉంచాలని వాదించిన సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 1957లో పౌరహక్కుల బిల్లును ఆపడానికి 24 గంటలకు పైగా ఏకధాటిగా ఉపన్యసించాడు. ఆయనకు 1925లోనే, తమ ఇంట్లో పనిచేసే పదహారేళ్ల నల్లపిల్ల వల్ల కూతురు పుట్టింది. ఎస్సీ మే వాషింగ్టన్-విలియమ్స్ ఆ సంగతి బయటపెట్టింది 2003లో, ఆయన పోయాకే. సౌత్ కరోలినాలోని ఆయన స్మారకం మీద ఆమె పేరు తర్వాత చెక్కారు.

ఇది చదువుతుంటే నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెలు మనకు గుర్తురాక మానవు. జోగినిగా దేవుడి పేర వదిలిన మాల, మాదిగ ఆడపిల్ల మీద ఊరి పెద్దలకు హక్కు. పుట్టిన బిడ్డకు మాత్రం దొర పేరు లేదు, దొర భూమిలో సెంటు లేదు. బానిసత్వమూ కులమూ ఒకటి కావు. అక్కడ బిడ్డను అమ్ముకున్నారు, ఇక్కడ వాడకు వదిలేశారు. కానీ ఆస్తి గీత దాటకుండా కాపాడే లెక్క రెండుచోట్లా ఒక్కటే. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి ఈ ఆచారాన్ని నిషేధించింది. నిషేధం వేరు, వాటా వేరు. బడిలో తండ్రి పేరు అడిగినప్పుడు తలదించుకోవాల్సి వచ్చింది తల్లే గాని దొర కాదు.

డొమినిక్ గెలుపును మనం కాదనం. కానీ ఆ గెలుపు తండ్రి ఒప్పుకోలు మీద ఆధారపడింది. లారా మాథ్యూస్ ఏం పని చేసింది, ఏం పోగొట్టుకుంది, బిడ్డను ఎట్లా సాకింది అన్నది అన్ని ఎపిసోడ్ల కథకు పట్టలేదు. మన వాడల చరిత్ర రాసే విద్యార్థులు తండ్రుల పేర్లు వెతకడంతో ఆగొద్దు. ముందు తల్లి దగ్గర కూచోవాలి, ఆమె చెప్పింది రాసుకోవాలి.