మాంటీ క్రిస్టో శాండ్‌విచ్: పేరున్నవాళ్ల కథ, పేరులేని వంటవాళ్ల పని

ఈ ఎపిసోడ్‌లో ఒక శాండ్‌విచ్ చరిత్ర చెప్పుకుందాం. శాండ్‌విచ్‌కి చరిత్ర ఏంటి అనుకోకండి, ఇది కొంచెం తేడా శాండ్‌విచ్. లోపల ఉప్పగా హామ్, టర్కీ కోడి మాంసం, చీజ్ ఉంటాయి. మొత్తాన్నీ గుడ్డు కలిపిన పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. అక్కడితో అయిపోలేదు. పైన పంచదార పొడి చల్లి, పక్కన ఎర్రటి జామ్ పెట్టి ఇస్తారు. దీని పేరు మాంటీ క్రిస్టో. అమెరికాలో ఆదివారం బ్రంచ్‌కి కూర్చున్నవాళ్లు ఇష్టంగా తినే ఐటమ్ ఇది.

మాంసం మీద పంచదారేంటి అని మొహం చిట్లిస్తున్నారు కదా? ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు ఒక ప్రశ్న. దీన్ని ఎవరు కనిపెట్టారు? ఇలాంటి ప్రశ్న అడగగానే ఫోన్‌లో ముప్పై సెకన్ల వీడియో ఒకటి వచ్చి, ఒక పెద్దమనిషి పేరు చెప్పి వెళ్లిపోతుంది. అలాంటి పేర్లు ఒక్కొక్కటీ తీసి చూద్దాం.

మొదటి పేరు, శాండ్‌విచ్. ఇంగ్లండ్‌లో జాన్ మాంటేగ్యు అని ఒక దొర ఉండేవాడు. శాండ్‌విచ్ అనే ఊరి పేరు మీద నాలుగో ఎర్ల్. ఆయన పేకాట బల్ల దగ్గర నుంచి లేవడం ఇష్టంలేక, రెండు రొట్టె ముక్కల మధ్య మాంసం పెట్టి తెమ్మన్నాడని కథ. ఈ కథ ఎక్కడిదో తెలుసా? పియెర్ జాన్ గ్రోలే అనే ఫ్రెంచ్ యాత్రికుడు లండన్ చూసి వెళ్లి, 1770లో అచ్చు వేసిన పుస్తకంలోది. అంటే ఊళ్లో చెప్పుకునే ముచ్చట ఆయన చెవిన పడింది, రాసేశాడు. కానీ అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1762లో, చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ తన డైరీలో శాండ్‌విచ్ అనే మాట మామూలుగా వాడేశాడు. ఇక మాంటేగ్యు జీవిత చరిత్ర రాసిన ఎన్.ఎ.ఎమ్. రాడ్జర్ ఏమన్నాడంటే, ఆయన రోజంతా పనిలో మునిగి ఉండే మనిషి, తింటే ఆఫీసు బల్ల దగ్గరే తిని ఉంటాడని. ఏదైనా సరే, ఆ రొట్టె కోసింది దొరగారు కాదు కదా! వంటింట్లో ఎవరో కోశారు. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

రెండో పేరు, బ్రంచ్. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ రెండూ కలిపిన మాట. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లిష్ రచయిత ఒక పత్రికలో దీని గురించి వ్యాసం రాశాడు. ఆదివారం పొద్దున్నే లేచి చర్చికెళ్లొచ్చి బరువైన భోజనం చేసే బదులు, ఆలస్యంగా లేచి మధ్యాహ్నం ప్రాంతంలో తినొచ్చు కదా అని ఆయన వాదన. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకునేవాళ్లకి ఇది వరం అన్నమాట. మరి ఆలస్యంగా లేచి పదకొండు గంటలకి తినడం అంతకు ముందు లోకంలో ఎవరూ చెయ్యలేదా? చేశారు. వ్యాసం రాసింది మాత్రం బెరింజర్.

ఇప్పుడు అసలు వంటకానికి వద్దాం. దీని ఒంట్లో రెండు పాత వంటకాలు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని క్రోక్ మస్యూ. హామ్, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె. కరకరలాడేది అని ఆ పేరు. 20వ శతాబ్దం మొదట్లో పారిస్ కెఫేల్లో ఇది బాగా నడిచింది. 1919లో వచ్చిన మార్సెల్ ప్రూస్ట్ నవలలో కూడా దీని ప్రస్తావన ఉంది.

రెండోది ఇంకా చాలా పాతది. ఎండిపోయిన రొట్టెని తడిపి వేయించడం. అపీషియస్ పేరు మీద దొరికే రోమన్ల వంట పుస్తకంలోనే, రొట్టె ముక్కల్ని పాలలో నానబెట్టి, నూనెలో వేయించి, తేనె పోసే పద్ధతి ఉంది. ఫ్రెంచివాళ్లు దీన్ని 'పోయిన రొట్టె' అంటారు. అంటే పాడైపోయింది అనుకున్న రొట్టెని మళ్లీ దక్కించుకోవడం. జర్మన్లు 'పేద వీరులు' అంటారు. పేరులోనే ఉంది చూడండి, ఇది పారేయడానికి మనసొప్పనివాళ్ల వంట. మన బాంబే టోస్ట్ అదే కుటుంబం. హైదరాబాద్ డబల్ కా మీఠా కూడా దీనికి దూరపు చుట్టమే. బ్రెడ్‌ని వేయించి, పాలు, పాకంలో నానబెట్టి పెళ్లి విందులో పెడితే, అది మిగిలిపోయిన రొట్టెల వంటకి చుట్టమని ఎవరికైనా గుర్తొస్తుందా?

ఈ రెండూ కలిసింది అమెరికాలో. 1930ల నుంచి 1960ల మధ్య అక్కడి వంట పుస్తకాల్లో ఇది రకరకాల పేర్లతో కనిపిస్తుంది. ఒకచోట ఫ్రెంచ్ శాండ్‌విచ్, ఒకచోట టోస్టెడ్ హామ్ శాండ్‌విచ్, ఇంకోచోట ఫ్రెంచ్ టోస్టెడ్ చీజ్ శాండ్‌విచ్. ఒకే వంటకానికి ఇన్ని పేర్లు ఉన్నాయంటే అర్థం ఏంటి? ఏ ఒక్కరో ఒక రోజు కూర్చుని కనిపెట్టింది కాదు. చాలా వంటిళ్లలో, చాలామంది చేతుల్లో మెల్లగా తయారైంది.

మరి మాంటీ క్రిస్టో ఎవరు? అలెగ్జాండర్ డ్యూమా 1844లో పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టిన నవల 'ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో'. అన్యాయంగా జైలుపాలైన ఎడ్మండ్ డాంటెస్ తప్పించుకుని, మాంటీ క్రిస్టో దీవిలో దాచిన నిధి పట్టి, పగ తీర్చుకునే కథ. ఆ దీవి నిజంగానే ఇటలీ దగ్గర ఉంది. ఈ కథని హాలీవుడ్ 1934లో సినిమాగా తీసింది కూడా. నవలకీ శాండ్‌విచ్‌కీ మధ్య రుజువున్న సంబంధం ఏదీ లేదు. అయినా ఆ పేరులో ఒక ఠీవి ఉంది. మెనూ కార్డు మీద 'వేయించిన హామ్ రొట్టె' అని రాస్తే ఎవరు ఆర్డర్ చేస్తారు చెప్పండి?

దీనికి బాగా పేరు తెచ్చింది కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్. అక్కడ 1967లో బ్లూ బాయూ అనే రెస్టారెంట్ తెరిచారు. సముద్రపు దొంగల రైడ్ ఉన్న భవనం లోపలే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం వెళ్లినా లోపల వెన్నెల రాత్రిలా కనిపించేలా కట్టారు. అక్కడ మాంటీ క్రిస్టో ఏళ్ల తరబడి జనం అడిగి తినే వంటకం అయింది. తర్వాత బెన్నిగన్స్ లాంటి రెస్టారెంట్ చెయిన్లు దాన్ని ఊరూరా తీసుకెళ్లాయి.

చేసే పద్ధతి కూడా చెప్తాను. మూడు బ్రెడ్ ముక్కలు తీసుకోండి. ఒక వరసలో హామ్, చీజ్. రెండో వరసలో టర్కీ, చీజ్. హామ్ పంది మాంసం కాబట్టి, తిననివాళ్లు రెండు వరసల్లోనూ చికెన్ పెట్టుకోవచ్చు. అంచులు కోసేసి, గట్టిగా నొక్కి, నాలుగు ముక్కలు చేసి, విడిపోకుండా టూత్‌పిక్ గుచ్చాలి. మైదా, గుడ్డు, నీళ్లు, ఉప్పు, కాస్త బేకింగ్ పౌడర్ కలిపి బజ్జీల పిండిలా జారుగా చేసుకోవాలి. నూనె సుమారు 180 డిగ్రీలు ఉండాలి. తక్కువైతే బ్రెడ్ నూనె పీల్చేస్తుంది. ఎక్కువైతే పైన మాడిపోతుంది, లోపల చీజ్ కరగదు. తీశాక నూనె ఓడనిచ్చి, కాస్త వేడి తగ్గాకే పంచదార పొడి చల్లండి, లేకపోతే కరిగిపోతుంది. టూత్‌పిక్‌లు తీసేయడం మర్చిపోకండి.

ఇక తీపీ ఉప్పూ కలపడం గురించి. హామ్‌కి ఉప్పు ఎక్కువ, చీజ్‌కి కొవ్వు ఎక్కువ. జామ్‌లోని తీపి ఆ ఉప్పుని సర్దుతుంది, దానిలోని పులుపు నూనె జిడ్డుని కోసేస్తుంది. ఇది మనకి కొత్తేం కాదు. బెల్లం ఆవకాయ ఏ లెక్కన రుచిగా ఉంటుందో, ఇదీ అదే లెక్క. ఉగాది పచ్చడి తినే మనం తీపి, ఉప్పు కలిశాయని ఆశ్చర్యపోతే ఎలా?

ఇప్పుడు మొత్తం కథ ఒకసారి చూడండి. దొర పేరు మిగిలింది, వ్యాసం రాసినాయన పేరు మిగిలింది, నవలలో తప్ప ఎక్కడా లేని మనిషి పేరు కూడా మిగిలింది. మొదటిసారి ఆ రొట్టెని పిండిలో ముంచి, జామ్ పక్కన పెట్టి, "తిని చూడండి" అన్న మనిషి పేరు మాత్రం మిగల్లేదు. వాళ్ల గురించి ఎవరూ రాసిపెట్టలేదు, అంతే.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. అమ్మమ్మ చేసే పచ్చడి, నాయనమ్మ పెట్టే పులుసు వాళ్ల చేతిలోనే ఉన్నాయి, కాగితం మీద లేవు. మీ చేతిలో ఫోన్ ఉంది. ఈసారి వాళ్లు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు వెళ్లి, ఏది ఎంత వేస్తున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రికార్డ్ చేయండి. ఆ ఫైల్‌కి వాళ్ల పూర్తి పేరు పెట్టండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.