నడిగూడెం కోట జమాఖర్చులు

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పాత భూస్వాముల్ని మాల్గుజార్లంటారు. మాల్గుజారీని 1950లో చట్టం చేసి రద్దు చేశారు. అయినా మా చకర్‌భాటాలో "పూర్వజన్మ పుణ్యం వల్లే ఊరంతా ఆయనదైంది" అనే మాట ఇంకా వినబడుతుంది. మన తెలుగువాళ్ళు జమీందార్ల గురించీ ఇదే అంటారు. రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి, నేను పుణ్యాన్ని పక్కన పెట్టి లెక్క చూస్తాను.

మునగాల పరగణాను తీసుకుందాం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాలోది. నేడు సూర్యాపేట జిల్లాలో ఉంది. జమీందారు నాయని వెంకట రంగారావు. ఆయన నివాసం నడిగూడెం కోట.

ఈ కోటకు జమ వైపు రాయవలసింది చాలా ఉంది. చరిత్రకారుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఇక్కడ దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడడానికి రాజావారు అండగా నిలిచారు. శాస్త్రాన్ని, చరిత్రను తెలుగులో చదవాలనుకున్న మనబోటివాళ్ళం ఆ మండలికి రుణపడి ఉన్నాం.

మరి ఈ డబ్బు ఎక్కడిది? 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన పర్మనెంట్ సెటిల్‌మెంటు ప్రకారం జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ మారదు. రైతు నుంచి వచ్చే రాబడి మాత్రం పెరగవచ్చు. ఆ తేడా జమీందారుదే. ఇందులో దేవుడి ప్రమేయం లేదు, ఒక రెగ్యులేషన్ ఉంది. 1908లో ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం రైతుకు సాగుహక్కు ఇచ్చింది గాని, జమీందారు సొంత కమతానికి అది వర్తించదు. అందుకే ఏ భూమి కమతం, ఏది రైతుది అన్న తగాదా జమీందారీల్లో తెగలేదు.

మునగాలలో దీనికి తోడు వెట్టి. కూలి లేని చాకిరీ. 1930లలో అక్కడి రైతులు వెట్టికీ అక్రమ వసూళ్ళకూ ఎదురుతిరిగారు. విజ్ఞాన చంద్రికా మండలి 1907లో వేసిన మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసినవాడి కథ! దాన్ని అచ్చువేసిన మండలికి అండగా ఉన్న రాజావారి పరగణాలోనే వెట్టి సాగింది.

అంతమాత్రాన గ్రంథాలయం చెడ్డదని నేననను. పుస్తకాల మేలు నిజం, వెట్టి బాధ కూడా నిజం. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. ఆడిట్‌లో మంచి పద్దు చూపి చెడ్డ పద్దును దాచనివ్వం కదా!

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందార్లకు నష్టపరిహారం ఇచ్చారు. తరతరాలుగా వెట్టి చేసినవారికి రావలసిన కూలిని ఎవరూ లెక్కగట్టలేదు. పూర్వజన్మ కర్మ అని వాళ్ళకు నచ్చజెప్పడం చౌక కదా. రాజావారి దాతృత్వం గురించి ఎవరైనా చెబితే శ్రద్ధగా వినండి. ఆ తర్వాత ఖర్చు వైపు పేజీ కూడా తిప్పమని అడగండి.