తిమ్మిరి మందు పుట్టుపూర్వోత్తరములు

వేదాద్రి నరసింహునకు మ్రొక్కుకొని, జగ్గయ్యపేట దాటి హైదరాబాదు బాట పట్టెడి మన మెట్టప్రాంతపు రోగులలో పిత్తాశయపు రాళ్ళతో బాధపడువారును ఉందురు. పొట్టపై మూడు నాలుగు రంధ్రములు చేసి ఆ తిత్తిని వెలికిదీయు నేటి శస్త్రచికిత్సలో, మత్తు విడిన పిదపటి నొప్పిని అణచు తిమ్మిరి మందులకు నూటనలువది యేండ్ల చరిత్ర కలదు.

ఆ కాలముననే, మత్తుమందును గూర్చిన గొప్ప వివాదమొకటి హైదరాబాదున నడచినది. క్లోరోఫారము ప్రాణము తీయునప్పుడు ముందాగునది ఊపిరియా, గుండెయా యని తేల్చుటకై రెసిడెన్సీ సర్జనైన ఎడ్వర్డు లారీ, ఆరవ నిజాము మహబూబు అలీఖాను ప్రాపున, 1888లో ఒక పరిశోధక సంఘమును కూర్చి, జంతువులపై ప్రయోగములు జరిపించి, ఊపిరియే యని తీర్పు చెప్పగా, లండను లాన్సెట్ పత్రిక దానిని సమ్మతింపలేదు. 1889లో లాడర్ బ్రంటన్ సముద్రము దాటి వచ్చి పాల్గొనిన రెండవ సంఘమును ఆ తీర్పునే నిలిపినది. 1911లో లెవీ యను శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగించి, తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగగలదని నిరూపించెను. ఊపిరిని కనిపెట్టి చూడుమన్న లారీ హితవు నేటికిని శిరోధార్యమే. గుండెను నిర్దోషిగా విడిచిపుచ్చుట మాత్రము తొందరపాటు.

దేహమునంతను నిదురపుచ్చుట యేల, నొచ్చుచోటును మొద్దుబార్చిన చాలదా యను తలంపు 1884లో వియన్నాలో ఫలించినది. కార్ల్ కోలర్ కొకెయిను చుక్కలతో కంటికి స్పర్శ లేకుండ చేసెను. వ్యసనము గొలుపు ఆ మందునకు మారుగా ఐన్‌హార్న్ ప్రొకెయినును, 1943లో స్వీడనున లోఫ్‌గ్రెన్ లిగ్నొకెయినును, 1957లో ఆ దేశముననే ఎకెన్‌స్టాం బ్యుపివకెయినును కనుగొనిరి. గంటలకొలది పనిచేయు ఈ కడపటి మందే మన కథకు నాయకుడు.

1985లో జర్మనీయుడు ఎరిక్ మ్యూహె చేసిన లాపరోస్కోపిక్ పిత్తాశయ శస్త్రచికిత్సను తోటివారు మొదట ఆదరింపలేదు; 1990లో తెహెంటన్ ఉద్వాడియా దానిని బొంబాయిలో చేసి మనదేశమున ప్రవేశపెట్టెను. కోత చిన్నదైనను నొప్పి మూడు తెరగులుగా మిగిలినది: రంధ్రముల చోటి మంట, కాలేయము క్రింద పిత్తాశయము నొలిచిన చోటి లోనొప్పి, పొట్ట నుబ్బించుటకు నింపిన బొగ్గుపులుసు వాయువు వలని భుజపు నొప్పి. పొట్టమీద కోసిన భుజమేల నొచ్చునని రోగి విస్తుపోవును గాని, ఉదరవితానమునకు పోవు నరమును భుజపు చర్మమునకు పోవు నరములును మెడ వెన్నుపామున ఒక్క తావుననే కలియుటచే, మెదడు ఒకదానిని మరొకటిగా భ్రమించును. రంధ్రముల చుట్టును ఎక్కించిన తిమ్మిరి మందు మొదటి మంటను తగ్గించును. పిత్తాశయపు తావునను వితానము క్రిందను చల్లుట రెండవ, మూడవ బాధలకై చేయుదురు. భుజపు నొప్పికి కడపట వాయువును శ్రద్ధగా వెలికి పంపుట ముఖ్యము. 2001లో రఫీ వర్ణించిన ఉదరకుడ్యపు నరముల దిగ్బంధము అల్ట్రాసౌండు చూపుతో నేడు సులభమైనది. ఐనను రంధ్రములచోటి సూది వంటి చవకైన ఉపాయమును ముందు వాడి, పారాసిటమాల్ వంటివి తోడు చేసిన, వాంతులు పుట్టించు మార్ఫిను జాతి మందుల అవసరము తగ్గును.

1979లో ఆల్‌బ్రైట్ బ్యుపివకెయిను గుండెను హఠాత్తుగా ఆపగలదని హెచ్చరించెను. లారీ కొట్టివేసిన గుండె భయమే వేరొక మందుతో తిరిగివచ్చినది. 1998లో వైన్‌బర్గ్ ఎలుకలలో కొవ్వు ద్రావణము ఈ విషమునకు విరుగుడగుట చూపెను, 2006లో అది మనిషి ప్రాణము నిలిపినది. విరుగుడున్నను లెక్క తప్పరాదు: కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున, 50 కిలోల రోగికి అరశాతపు మందు 20 మిల్లీలీటర్లు దాటరాదు.